ఖాళీ కుర్చీల హిసాబ్



నేను తొమ్మిదో తరగతి చదివిన ఏడాది మా సర్కారీ ఉర్దూ స్కూల్లో హిసాబ్ చెప్పే ఉస్తాద్ లేరు. పాత సార్ రిటైరయ్యారు, ఆయన జాగాలో ఎవరూ రాలేదు. లెక్కల పీరియడ్‌లో ఉర్దూ సారే వచ్చి ఇమ్లా రాయించేవారు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు! పదో తరగతికి అబ్బా నన్ను పక్క గల్లీలో తెలుగు మాస్టారి ట్యూషన్‌లో పెట్టారు. నేను గట్టెక్కాను. ఫీజు కట్టలేని నా దోస్తులు చాలామంది లెక్కల్లోనే ఫెయిలై మెకానిక్ షెడ్లలో చేరారు.

ముప్పై ఏళ్లు గడిచాయి. మొన్న మా ఖాలా కూతురు ఫోన్ చేసింది. ఉర్దూ మీడియంలో డీఎల్‌ఈడీ చేసింది, టెట్ పాసైంది, డీఎస్సీ రాసింది, నౌకరీ రాలేదు. "భాయ్‌జాన్, మా జిల్లాలో ఉర్దూ పోస్టులు ఖాళీగానే మిగిలిపోయాయట. మరి నాకెందుకు ఇవ్వరు?" అని అడిగింది. ఈ సవాల్ చాలా ఇళ్లలో ఉంది కాబట్టి జవాబు ఇక్కడే రాస్తున్నా.

ఉర్దూ మీడియం పోస్టులకు కూడా రిజర్వేషన్ రోస్టర్ ఉంటుంది. తెలంగాణలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 10, బీసీ ఏ నుంచి డీ దాకా కలిపి 25, మన బీసీ-ఈకి 4. కానీ ఉర్దూలో చదివి, ఉర్దూలో ట్రైనింగ్ చేసి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ముస్లింలే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ముస్లింకి ఎస్సీ హోదా రాదు. బీసీ-బీలో దూదేకుల సోదరులున్నా వాళ్లలో చాలామంది మాదరీ జబాన్ తెలుగే. అంటే వంద ఉర్దూ పోస్టుల్లో సగం దాకా మనిషి దొరకడం కష్టమని నోటిఫికేషన్ టైపు చేసే రోజే తెలుసు. 2017 టీఆర్టీలో ఇదే జరిగింది, 2024 డీఎస్సీలోనూ ఇదే జరిగింది. పఠాన్, సయ్యద్ కుటుంబాలు బీసీ-ఈలో కూడా లేవు. మా ఖాలా కూతురు పఠాన్ పిల్ల. ఆమెకు మిగిలింది ఓపెన్, ఇంటి ఆదాయం పరిమితిలో ఉంటే ఈడబ్ల్యూఎస్ మాత్రమే.

ఇక్కడ ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. దళిత, ఆదివాసీ సోదరుల హక్ తీసి మనకివ్వమని నేను అడగడం లేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే వాళ్లకీ ఫాయిదా లేదు. ఉర్దూలో నిండని వాళ్ల పోస్టులను అదే జిల్లాలో తెలుగు మీడియంలో వాళ్లకే ఇచ్చి, అన్ని ఓపెన్ పోస్టులను అక్కణ్నుంచి ఉర్దూకి మార్చవచ్చు. తెలుగు మీడియం ఓపెన్ అభ్యర్థులు దీనికి ఏతరాజ్ చెబుతారు, వాళ్ల మాటా వినాలి. కానీ ఏ వర్గం వాటా తగ్గకుండా క్లాసులో మనిషి నిలబడే దారి ఇదొకటి ఉంది.

పోస్టుల కంటే ముందు సీట్ల సంగతి ఉంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రైమరీ టీచర్ పోస్టులకు బీఈడీ చెల్లదని తేల్చింది. ఇక చిన్నపిల్లలకు అలిఫ్ బే చెప్పాలంటే డీఎల్‌ఈడీ చేసినవాళ్లే కావాలి. అది రెండేళ్ల కోర్సు. తర్వాత టెట్, ఆ తర్వాత ఎప్పుడొస్తుందో తెలియని డీఎస్సీ. ఇవాళ ఒక అమ్మాయి ట్రైనింగ్‌లో చేరితే, ఇవాళే ఒకటో తరగతిలో చేరిన పాప ఐదో తరగతికి వచ్చేసరికైనా ఆమె టీచర్ అవుతుందో లేదో. అందుకే ఉర్దూ డీఎల్‌ఈడీ సీట్లు ఎన్ని ఉండాలో ఐదేళ్ల ముందే హిసాబ్ వేయాలి. ఏ ఉస్తాద్ ఏ నెలలో రిటైరవుతారో సర్వీస్ రిజిస్టర్‌లోనే ఉంటుంది. ఏ స్కూల్లో ఎంతమంది పిల్లలున్నారో సర్కారుకు ఏటా తెలుస్తుంది. ప్రైమరీలో 30 మందికి ఒక టీచర్ ఉండాలని, ఖాళీలు 10 శాతం దాటకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఈ లెక్కలన్నీ మీడియం వారీగా ఒక్క కాగజ్ మీద పెట్టి ఏటా బయటపెడితే చాలు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో రాష్ట్రమంతటా ఉర్దూకి రెండో అధికార భాష హోదా ఇచ్చాయి. షుక్రియా. ఆఫీసుల మీద ఉర్దూ బోర్డులు చూస్తే మనకూ ఖుషీయే. కానీ ఆ బోర్డు చదవడం నేర్పే ఉస్తాద్ ఎక్కడ?

ఇక మన గిరేబాన్‌లోకి కూడా ఒకసారి తొంగి చూసుకుందాం. మనలో చాలామంది పిల్లల్ని ఇంగ్లీషు మీడియానికి పంపేశాం. నేనూ పంపాను. టీచర్ లేడని పిల్లలు వెళ్లిపోతారు, పిల్లలు లేరని పోస్టు ఎత్తేస్తారు. ఈ చక్కర్‌లో చివరికి మిగిలేది ఫీజు కట్టలేని ఇంటి పిల్లలే. వాళ్ల తరఫున మాట్లాడాల్సిన జిమ్మేదారీ మనదే.

విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి. మీ మొహల్లాలో ఉర్దూ స్కూలుంటే ఈసారి మీటింగ్‌కి వెళ్లండి, అమ్మీలనూ వెంట తీసుకెళ్లండి. మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, ఖాళీ ఎన్నేళ్లుగా ఉంది అని అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. పెట్టడం రాకపోతే నాకు చెప్పండి, నేను రాసిస్తా.

మా ఖాలా కూతురు ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో తక్కువ జీతానికి చెబుతోంది. ఆమె ఇంటికి నాలుగు గల్లీల అవతల సర్కారీ ఉర్దూ స్కూల్లో కుర్చీ ఖాళీగానే ఉంది.