బ్యాటరీ దగ్గర తొందరొద్దు!

తుపాను వెళ్లిపోయిన మర్నాడు ఏ ఇంట్లో చూసినా ఒకటే ఎదురుచూపు... కరెంటు ఎప్పుడొస్తుందా అని! 2023 డిసెంబరులో మిగ్‌జాం, 2025 అక్టోబరులో మొంథా... కృష్ణా జిల్లా వారికి ఈ ఎదురుచూపు కొత్త కాదు. స్తంభాలు ఒరిగితే ఇన్వర్టర్ బ్యాటరీయే దిక్కు. అదీ అయిపోతే కారు బ్యాటరీ మీద కన్ను పడుతుంది. సరిగ్గా ఆ హడావుడిలోనే చేతులు కాలేది, కళ్లలో ఆసిడ్ పడేది.

‘12 వోల్టులే కదా, ఏమవుతుంది?’ అనుకుంటారు చాలామంది. నిజమే, అది షాక్ కొట్టదు. కానీ ప్లస్, మైనస్‌ల మీద ఇనుప పానా అడ్డంగా పడితే క్షణంలో వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. పానా ఎర్రగా కాలిపోతుంది. మధ్యలో ఉంగరమో, కడియమో ఉంటే ఒంటి మీదే కాలుతుంది. అందుకే వాటిని తీసి పక్కన పెట్టాకే బానెట్ ఎత్తాలి.

కనిపించని గ్యాస్

అసలు ప్రమాదం కంటికి కనిపించదు. చార్జింగ్ పూర్తి కావస్తున్నప్పుడు, అంటే బ్యాటరీ దగ్గర 14.4 వోల్టులు దాటాక, లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వెలువడతాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, చిన్న రవ్వకే పేలుతుంది. పైడబ్బా పగిలి ఆసిడ్ మొహాన చిమ్ముతుంది. ‘మెయింటెనెన్స్ ఫ్రీ’ బ్యాటరీ అయినా అతిగా చార్జ్ చేస్తే గ్యాస్ వదులుతుంది. కాబట్టి తలుపులు మూసిన గదిలో, దేవుడి దీపం పక్కన, దోమల చక్రం దగ్గర చార్జింగ్ పెట్టకూడదు. బీడీ, సిగరెట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

రవ్వ ఎక్కడ పుడుతుంది? క్లిప్పు తగిలించేటప్పుడు, తీసేటప్పుడు! అందుకే వరుస ముఖ్యం. చార్జర్ ఆపి ఉండగానే క్లిప్పులు పెట్టాలి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. అయిపోయాక ముందు స్విచ్ ఆపాలి, తర్వాతే క్లిప్పులు తీయాలి. కారులోంచి బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. కారు బాడీ అంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పబోతే, పానా బాడీకి తగిలిందంటే మంటలే!

ఇంకో కారు సాయంతో స్టార్ట్ చేసేటప్పుడూ అంతే. ఎర్ర వైరు రెండు ప్లస్‌లకు. నల్ల వైరు ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఆగిపోయిన బండి ఇంజిన్ మీది ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. అప్పుడు ఆఖరి రవ్వ గ్యాస్ దగ్గర పుట్టదు.

ఊరిని బట్టి జాగ్రత్త

బందరులో ఉప్పుగాలి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా చిలుము పడుతుంది, సెల్ఫ్ తీసుకోదు. మూతలు బిగించి, గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి వాజిలిన్ రాస్తే సరి. సోడా నీళ్లు లోపలికి మాత్రం పోకూడదు.

గుడివాడ వైపు సీజన్ అయ్యాక ట్రాక్టర్లు, కోత యంత్రాలు నెలల తరబడి ఊరికే నిలబడతాయి. చార్జ్ లేకుండా వదిలేసిన బ్యాటరీ ప్లేట్ల మీద తెల్లటి సీసపు సల్ఫేటు గట్టిపడి ఇక చార్జ్ ఎక్కదు. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12కు దిగితే దాదాపు ఖాళీ. నెలకోసారైనా చార్జ్ చేయాలి. ఆంపియర్ అవర్లలో పదో వంతు చాలు. 35 ఏహెచ్ బ్యాటరీకి మూడున్నర ఆంపియర్లు. డబ్బా చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కితే వెంటనే ఆపాలి.

దివిసీమ సంగతి వేరు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన నేల అది. ఉప్పునీరు దూరిన బ్యాటరీని చార్జ్ చేస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. జలాంతర్గాముల్లో నావికులు భయపడింది దీనికే. మునిగిన బ్యాటరీకి ఇంట్లో చార్జర్ తగిలించకుండా మెకానిక్‌కు చూపించాలి. మామూలు రోజుల్లోనూ పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు, క్యాన్లలో వచ్చే మినరల్ వాటర్ పనికిరావు. ఇంట్లో ఆసిడ్ పోయడం అసలే వద్దు.

కంట్లో పడితే...

ఆసిడ్ కంట్లో పడితే మంచినీళ్లతో కనీసం పావుగంట ఆపకుండా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సోడా నేల మీద ఒలికిన దానికే గానీ కంటికి కాదు. ఇక పాత బ్యాటరీని కాలవ గట్టున పగలగొట్టి ఆసిడ్ పారబోస్తే, ఆ సీసం చేరేది పదిమంది తాగే నీళ్లలోకే. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చేస్తే ధరలో కొంత తగ్గుతుంది కూడా.

తుపాను హెచ్చరిక రాగానే బియ్యం, మందులు సర్దుకున్నట్టే బ్యాటరీనీ ముందు రోజే నిండా చార్జ్ చేసుకుని, ఇన్వర్టర్‌ను నీరు అందని ఎత్తుకు చేర్చుకోవాలి. కారు బ్యాటరీతో ఏడెనిమిది సెల్‌ఫోన్లు చార్జ్ చేసుకుని ఆగిపోతే, తెల్లారి అవసరమైతే ఆసుపత్రికి వెళ్లడానికి బండి స్టార్ట్ అవుతుంది.