గ్రౌండు తాళం ఎవరి దగ్గరుంది?

"ఆడపిల్లలకి ఆటల మీద ఆసక్తి లేదండీ." యూనివర్సిటీల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఫిజికల్ డైరెక్టర్లు అంటారు, వార్డెన్లు అంటారు, చివరికి జెండర్ గురించి పాఠాలు చెప్పే మన సహోద్యోగులు కూడా అంటారు. సెలక్షన్స్ పెడితే పదిమంది కూడా రాలేదని నోటీసుబోర్డు వైపు చెయ్యి చూపిస్తారు. ఆ నోటీసులో ఏముందో మాత్రం ఎవరూ చదవరు. సాయంత్రం 5.30కి మెయిన్ గ్రౌండులో సెలక్షన్స్. ల్యాబు వదిలేది 5 గంటలకి. లేడీస్ హాస్టల్ గేటు మూసేది 6.30కి. గ్రౌండు నుంచి హాస్టల్‌కి ఇరవై నిమిషాల నడక. ఈ లెక్కలో ఆసక్తి అనేది ఎక్కడ పుట్టాలి, ఎన్ని నిమిషాలు బతకాలి?

కాబట్టి ఆసక్తి సంగతి పక్కన పెట్టి తాళాల సంగతి మాట్లాడుకుందాం. గ్రౌండు పక్కన సామాను గది ఒకటుంటుంది. నెట్లు, బంతులు, సున్నం బస్తా, గాలి కొట్టే పంపు అన్నీ అందులోనే. దాని తాళంచెవి ఒకటి మగపిల్లల జట్టు కెప్టెన్ దగ్గర ఉంటుంది. ఎవరూ రాసివ్వలేదు, ఏళ్ళుగా అలా చేతులు మారుతూ వస్తోంది. ఆడపిల్లలు మాత్రం ప్రతి సాయంత్రం అటెండరు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. అతను దొరికేసరికి పొద్దు గూకుతుంది.

మన యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఆడపిల్లలకి జట్లున్నాయి, క్లబ్బులు లేవు. ఈ రెండూ ఒకటి కాదు. జట్టంటే ఇంటర్ యూనివర్సిటీ పోటీలకి పది పదిహేను రోజుల ముందు కాలేజీల నుంచి పిల్లల్ని ఏరి, ట్రాక్‌సూట్లిచ్చి, రైలెక్కించి, తిరిగొచ్చాక వీసీ గారితో ఫోటో దిగి వదిలేసేది. క్లబ్బంటే ఏడాది పొడుగునా ఉండేది. ఎన్నడూ బంతి ముట్టుకోని పిల్ల కూడా వచ్చి నేర్చుకోగలిగేది. దానికో రిజిస్టరూ, కొంచెం డబ్బూ, ఎన్నుకున్న కార్యదర్శీ, వచ్చే ఏడాది ఎవరు నడపాలన్న ఆలోచనా ఉండాలి. జట్టుని పైనుంచి ఎవరైనా తయారుచేయొచ్చు. క్లబ్బుని మాత్రం ఆడేవాళ్ళే నడుపుకోవాలి. అందుకే మన ఆఫీసులకి జట్టంటే ముద్దు, క్లబ్బంటే అనుమానం.

నేను పనిచేసిన ఒక క్యాంపస్‌లో అమ్మాయిల వాలీబాల్ క్లబ్బు మూడేళ్ళపాటు నడిచింది. మొదలుపెట్టింది ఎం.ఏ. చదివే ఒకమ్మాయి, గురుకులంలో ఖోఖో ఆడి వచ్చిన పిల్ల. ఆమె చేసిన మొదటి పని బాగా ఆడేవాళ్ళని ఏరడం కాదు. నోటుపుస్తకం పట్టుకుని హాస్టల్లో గదిగదికీ తిరిగి, ఎవరికి ఏ పూట ఖాళీయో రాసుకుంది. సాయంత్రాలు కుదరవని తేలాక పొద్దున్న 6 గంటలకి మార్చింది. మొదటి అరగంట కొత్తవాళ్ళది, ఆట వచ్చినవాళ్ళు నేర్పాలి. నెట్టు కట్టడం, విప్పడం వంతులవారీగా అందరూ చేయాలి, కెప్టెన్ సహా. నెలకి ఇరవై రూపాయల చందా. ఆ లెక్క రాసేటప్పుడు పక్కన మొదటి సంవత్సరం పిల్ల ఒకతె తప్పకుండా కూర్చోవాలి. మందుల డబ్బాలో కట్లూ, అయోడినూ, స్ప్రేతో పాటు శానిటరీ ప్యాడ్లు కూడా ఉండేవి. స్పోర్ట్స్ బ్రాని ఆట సామాను జాబితాలో చేర్చి డబ్బివ్వమని రాస్తే, ఆ కాగితం మూడు టేబుళ్ళు తిరిగి, దాన్ని నోటితో చదవలేక ఎర్రబడిన ముఖాల మధ్య తిరిగొచ్చింది. మోకాలికి కట్టుకునే క్యాపుకి లేని సిగ్గు దీనికెందుకో!

ఆమె చదువు ముగించి వెళ్ళిపోయాక క్లబ్బు పడిపోలేదు. లెక్కలు రాయడం నేర్చుకున్న పిల్ల దాన్ని అందుకుంది. ఒక నాయకురాలి పనితనం ఎంతో తెలిసేది ఆమె వెళ్ళిన తర్వాతే. మెస్సులో గుడ్డు రోజూ పెట్టాలని అడిగింది కూడా ఈ క్లబ్బు పిల్లలే. పొద్దున్నే గంటన్నర పరుగెత్తినవాళ్ళకి నీళ్ళ సాంబారు చాలదని తెలియడానికి పోషకాహార శాస్త్రం చదవక్కర్లేదు. ఇంటి నుంచి నెయ్యీ, జీడిపప్పూ డబ్బాల్లో వచ్చే పిల్లలకి ఆ గుడ్డు పెద్ద విషయం కాదు. కానీ మన క్యాంపస్‌లలో గ్రౌండుకి ముందు వచ్చేది తరచుగా గురుకులాల నుంచి వచ్చిన దళిత, బహుజన, ఆదివాసీ పిల్లలే. ఆటల్లో ఆడపిల్లల గురించి మాట్లాడుతూ కులం గురించి మాట్లాడకపోతే సగమే మాట్లాడినట్టు.

క్లబ్బు ఎలా పోయిందో చెప్పాలి. గ్రౌండు గట్టు మీద కూర్చుని వ్యాఖ్యలు చేసే మగపిల్లల మీద వీళ్ళు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. విచారణ జరగలేదు. సర్క్యులర్ వచ్చింది, భద్రత దృష్ట్యా విద్యార్థినులు 7.30కి ముందు హాస్టల్ దాటకూడదని. ఫిర్యాదు చేసింది వీళ్ళు, గ్రౌండు పోయిందీ వీళ్ళకే. ఆ నిర్ణయం తీసుకున్న కమిటీలో నలుగురు స్త్రీలున్నారు. వారిలో ఒకరు స్త్రీవాద సాహిత్యం మీద పీహెచ్‌డీలు చేయిస్తున్నారు.

భద్రత పేరుతో హాస్టళ్ళలో ఆడపిల్లలకి మగపిల్లలకి లేని నిబంధనలు పెట్టకూడదని యూజీసీ వేసిన కమిటీయే 2013లో సక్షం నివేదికలో చెప్పింది. 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్‌రా తోడ్' అంటూ రోడ్డెక్కింది ఈ గేట్ల మీదే. ఆ ఉద్యమం గురించి మనం వ్యాసాలు రాశాం, సభల్లో మాట్లాడాం. మన సొంత హాస్టల్ గేటు దగ్గరికొచ్చేసరికి "తల్లిదండ్రులకి జవాబు చెప్పుకోవాలి కదా" అంటాం.

అధికారంలో ఉన్న స్త్రీ గది ముందు ఆడపిల్లలు నిలబడాల్సి రావడం మన దగ్గరే జరిగిన వింత కాదు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ 1969 దాకా ఆడపిల్లల్ని డిగ్రీలో చేర్చుకోలేదు. చదువులో లింగవివక్ష కూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. అయినా నాలుగేళ్ళ తర్వాత కూడా అక్కడ పడవ పందేల అమ్మాయిలకి నది దగ్గర స్నానాల గది లేదు. చలికాలంలో తడిసిన బట్టలతో బస్సులో కూర్చుని, మగపిల్లల స్నానాలయ్యేదాకా ఎదురుచూసేవాళ్ళు. అడిగీ అడిగీ విసిగాక, 1976 మార్చి 3న క్రిస్ ఎర్న్‌స్ట్ నాయకత్వంలో 19 మంది స్త్రీల క్రీడల డైరెక్టరు జోనీ బార్నెట్ గదిలోకి వెళ్ళి, బట్టలు విప్పి, ఒంటి మీద రాసుకున్న ఆ చట్టం పేరు చూపించారు. ఎర్న్‌స్ట్ ఒక ప్రకటన చదివింది. న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చాక గానీ యూనివర్సిటీ కదల్లేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా మనవాళ్ళు బట్టల దగ్గరే ఆగిపోతారు. నాకు కనిపించేది ఆ పంతొమ్మిది అనే అంకె. అంతమంది ఒక్కరోజులో ఒక్కటవరు. ఒకే పడవలో, ఒకే లయలో తెడ్లు వేసి వేసి, ఒకరి బరువు ఒకరికి తెలిసినవాళ్ళే అలా నిలబడగలరు.

రచయిత్రులం మనల్నీ ఒక మాట అడగాలనుంది. శరీరం గురించి మనం తక్కువ రాయలేదు. గర్భసంచి గురించి, వంటింట్లో అరిగిపోయిన ఒంటి గురించి, తడిమే చూపుల గురించి రాశాం. రాయాల్సినవే అవన్నీ. కానీ నేను చదివినంతలో మన కథల్లో ఆడపిల్ల పరుగెత్తుతోందంటే వెనక ఎవరో తరుముతున్నట్టే. ఊరికే, ఒంటిలో బలం ఉంది కాబట్టి, గెలవాలని ఉంది కాబట్టి పరుగెత్తే పిల్ల ఏది? గాయపడిన శరీరం మీద ఉన్నంత ప్రేమ కండ తిరిగిన శరీరం మీద మనకెందుకు లేదు?

ఇంకొందరు పతకాల జాబితా చదువుతారు. 2000లో సిడ్నీలో మల్లీశ్వరి, 2016లో రియోలో సింధు, 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో దీప్తి జీవాంజి, 2025లో ప్రపంచకప్పు గెలిచిన జట్టులో కడప పిల్ల శ్రీచరణి. ఇంకేం కావాలి అంటారు. వాళ్ళ వెనక ఇళ్ళున్నాయి, కోచ్‌లున్నారు, అకాడమీలున్నాయి. ఆ పతకాలు చూపించి మన క్యాంపస్ సామాను గది గురించి నోరు మూయించడం కుదరదు. పైగా పతకాలు ఉన్నంత మాత్రాన రక్షణ ఉంటుందనుకోవడానికీ లేదు. 2023లో సాక్షి మలిక్, వినేశ్ ఫోగట్ లాంటివాళ్ళే జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద పడుకోవాల్సి వచ్చింది. ఎవరు ఆడాలో, ఎవరు ప్రయాణం చేయాలో, ఎవరు ఏ గదిలో ఉండాలో అంతా ఒక్కడి చేతిలో ఉన్నచోట ఫిర్యాదు చేసే పిల్ల తన ఆటనే పణం పెట్టాలి. ఆ నిర్ణయాల్లో కొన్నైనా పిల్లలు ఎన్నుకున్న క్లబ్బు చేతిలో ఉంటే, కనీసం ఆమె ఒంటరిది కాదు.

కాబట్టి హాస్టల్ కమిటీల్లో, స్పోర్ట్స్ కమిటీల్లో కూర్చునే స్నేహితురాళ్ళకి చెబుతున్నాను. మహిళా దినోత్సవానికి మ్యూజికల్ చైర్సూ, నిమ్మకాయ చెంచా పందెమూ పెట్టడం ఇక మానేద్దాం. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి వారానికి కొన్ని గంటల గ్రౌండు రాతపూర్వకంగా ఇప్పించడం కష్టమేమీ కాదు. గ్రౌండు నుంచి హాస్టల్ దాకా దీపాలు వేయించమనడం, గేటు టైము మార్చమనడం కొంచెం కష్టం. ఎందుకంటే అక్కడ మన సంతకం కావాలి. సలహాదారుగా ఉంటామంటూ క్లబ్బుని మన చేతుల్లోకి తీసుకోకుండా ఉండటం అన్నిటికంటే కష్టం.

డబ్బు లేదంటారు. ఫీజు రసీదు తీసి చూడండి, స్పోర్ట్స్ ఫీజు అని ఒక వరుస ఉంటుంది. ఆడపిల్లలూ కడుతున్నారు. అందులో వాళ్ళ ఆటలకి ఎంత ఖర్చయిందో ఎవరూ చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు రుసుము పది రూపాయలు, జవాబివ్వడానికి గడువు 30 రోజులు. గత అయిదేళ్ళ లెక్క, ఆడపిల్లలకి విడిగా, మగపిల్లలకి విడిగా అడగండి.