వాక్య పరిశీలన: రెండు దేనారములకు అర్థమేమిటి?



మంచి సమరయుని ఉపమానము మీద మనము విన్న ప్రసంగములకు లెక్కలేదు. దెబ్బలు తిన్నవాడు ఆదాము, దొంగలు అపవాది, సమరయుడు యేసుప్రభువు, పూటకూళ్ల ఇల్లు సంఘము అని వరుసగా అర్థాలు చెబుతారు. రెండు దేనారములు పాత, క్రొత్త నిబంధనలని ఒకరంటే, బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము అని మరొకరంటారు. ఇది నిన్న మొన్న పుట్టిన బోధ కాదు. హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను (క్రీ.శ. 354–430) ఇలాగే బోధించారు, పూటకూళ్లవాడు అపొస్తలుడైన పౌలు అని కూడా అన్నారు. 16వ శతాబ్దములో జాన్ కాల్విన్ ఈ వివరణను ఒప్పుకోలేదు.

అలా చెప్పేవారి భక్తిని మేము శంకించడం లేదు. ఆదాము పడిపోయాడు, క్రీస్తు రక్షించాడు – ఇది సత్యమే. అయితే ఈ ఉపమానములో ప్రభువు చెప్పిన సంగతి అది కాదు.

"విత్తువాని ఉపమానానికి ప్రభువే అర్థము చెప్పలేదా?" అని మీరు అడగవచ్చు. చెప్పాడు. గురుగుల ఉపమానానికీ చెప్పాడు (మత్తయి 13). ఆయన చెప్పినచోట తీసుకుందాము. చెప్పనిచోట, ఆ మాట ఎవరితో, ఏ ప్రశ్నకు జవాబుగా చెప్పాడో చూడాలి.

ఇక్కడ అడిగినవాడు ధర్మశాస్త్రోపదేశకుడు. తన పొరుగువాడెవడని అతని ప్రశ్న. అంటే ఎంతవరకు ప్రేమిస్తే చాలు, ఎక్కడ గీత గీసుకోవచ్చు అని. యెరూషలేము నుండి యెరికో సుమారు 27 కిలోమీటర్లు. దారి దాదాపు 1000 మీటర్లు కిందికి దిగుతుంది. "దిగి వెళ్లడం" అంటే ఆదాము పతనము కాదు, అది నిజంగానే కొండదారి. నూనె, ద్రాక్షారసము ఆ రోజుల్లో గాయానికి వేసే మందు. దేనారము ఒక దినపు కూలి. రెండు రోజుల కూలి డబ్బు పరాయివాని కోసం ఇచ్చాడన్నమాట.

ఇక సమరయుడు. గెరిజీము కొండ మీది వారి ఆలయమును క్రీ.పూ. 2వ శతాబ్దములో యూదుల పాలకుడు యోహాను హిర్కానస్ నాశనము చేశాడు. ఆ పగ చల్లారలేదు. ఒక్క అధ్యాయము వెనక్కు వెళ్లండి. లూకా 9లో ఒక సమరయుల గ్రామము ప్రభువును చేర్చుకోలేదు. యాకోబు, యోహానులు ఆకాశము నుండి అగ్ని రప్పించాలనుకున్నారు. అలాంటి జాతివాడిని ప్రభువు ఈ కథలో మేలు చేసినవాడిగా నిలబెట్టాడు. పైగా ప్రశ్నను తిప్పి వేశాడు: ఈ ముగ్గురిలో పొరుగువాడైనది ఎవడు? శాస్త్రి నోట "సమరయుడు" అనే మాట రాలేదు. జాలి చూపినవాడని మాత్రమే అన్నాడు.

సమరయుడు యేసే అని ముగించి ప్రార్థన చేసుకుంటే మనకు మిగిలే పని ఏమీ లేదు. అందుకే ఆ ప్రసంగము వినడానికి హాయిగా ఉంటుంది! సందర్భముతో చదివితే, ఎవరి చేతి నీళ్లు మనము త్రాగమో, ఎవరి వీధిలోకి మన సంఘము ప్రార్థనకు వెళ్లదో, వారి ముఖాలు గుర్తుకొస్తాయి.

ఈ వారము కుటుంబ ప్రార్థనలో లూకా 9:51 నుండి 10:37 వరకు ఆగకుండా చదవండి. వచ్చే నెల అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని సంగతి చూద్దాము. లూకా 16వ అధ్యాయము ముందుగానే చదివి ఉంచండి.