మిక్కీ కోటలో అద్దె పాయింట్లు!

సినిమావాడు కట్టిన ఊరేదీ అంటే మన కుర్రకారు ఠక్కున రామోజీ ఫిల్మ్ సిటీ అంటారు. నిజమే. అయితే అది మొదలైన 1996కి నలభై ఏళ్ళ ముందే, బొమ్మల సినిమాలు తీసుకునే ఒకాయన ఆ పనికి పూనుకున్నాడు. ఆయన పేరు మీకు చెప్పాలా? వాల్ట్ డిస్నీ! 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచాడు. అది చాలలేదు. అమెరికాకి ఆ చివరనున్న ఫ్లోరిడాలో చిత్తడి నేలలూ, నారింజ తోటలూ ఉన్న ఓర్లాండో పక్కన వేలకొద్దీ ఎకరాలు కొన్నాడు. తన పేరు చెబితే ధర కొండెక్కుతుందని ఊరూపేరూ లేని కంపెనీలు కొన్ని పెట్టి, వాటి పేరుమీద గుట్టుచప్పుడు కాకుండా కొన్నాడు. 1965లో పత్రికలవాళ్ళు ఆ గుట్టు రట్టు చేసేసరికి ఇరవై ఏడు వేల ఎకరాలదాకా చేతికొచ్చేశాయి. ఇంతకంటే మంచి స్క్రీన్‌ప్లే ఏ రచయిత రాస్తాడు చెప్పండి?

కానీ కథానాయకుడు క్లైమాక్సు చూడలేదు. 1966 డిసెంబరులో వాల్ట్ పోయాడు. అన్న రాయ్ డిస్నీ విశ్రాంతి మానుకుని, తమ్ముడి కలను భుజానికెత్తుకుని, 1971 అక్టోబరు 1న తలుపులు తెరిచాడు. ఇవాళ అక్కడ నాలుగు పెద్ద పార్కులున్నాయి. మొదటి పార్కు నడిబొడ్డున సిండ్రెల్లా కోట ఉంది. ఎత్తు 189 అడుగులు మాత్రమే. చూసేవాళ్ళకి మాత్రం ఆకాశాన్నంటినట్టుంటుంది. ఎందుకంటే పైకి వెళ్ళేకొద్దీ కిటికీలూ, రాళ్ళూ చిన్నవి చేసుకుంటూ పోయారు. సెట్టింగులవాళ్ళ కనికట్టు! 1957లో ‘మాయాబజార్’ కోసం ద్వారకా నగరాన్ని బొమ్మగా కట్టి, మార్కస్ బార్ట్లే కెమెరాతో మహానగరంగా చూపించారే... అదే విద్య.

సరే, చూడాలని ఎవరికుండదు? చిక్కల్లా మకాం దగ్గరే. ఈవారం కబురు ఆ మకాం గురించే.

మా ఇంటి లెక్క

మా అక్కా బావా అట్లాంటాలో ఉంటారు. పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నవాడికి మూడు నిండబోతున్నాయి. 2024 వేసవిలో అమ్మా నాన్నా అక్కడికి వెళ్తున్నారు. నాన్నకి గుండెలో స్టెంటు ఉంది, మోకాళ్ళు సహకరించవు. “ఇంకోసారి ఇంత దూరం రాగలనో లేదో, పిల్లలతో ఒక్కసారి ఆ మిక్కీగాణ్ణి చూసేస్తే సరి” అని ఆయనే అన్నారు. మా నాన్న అలా కోరి ఒకటి అడగడం నేనెరుగను. దాంతో అక్క పట్టుబట్టింది. సెప్టెంబరులోనే వెళ్ళాలంది. ఎందుకంటే అక్కడ మూడేళ్ళు నిండని పిల్లలకి టిక్కెట్టు లేదు. అక్టోబరులో చిన్నవాడి పుట్టినరోజు! పదేళ్ళు నిండితే పెద్దల టిక్కెట్టే. ఒక్కరోజు టిక్కెట్టు వంద డాలర్లు దాటిన చోట ఇదేం చిన్న విషయం కాదు.

ఇక గది. ఆరుగురు. మామూలు గదికి నలుగురే. రెండు గదులు తీసుకుంటే అమ్మా నాన్నా ఒకచోట, పిల్లలు మరోచోట. పైగా షుగరున్న మనిషికి మూడుపూటలా బర్గర్లు పెడతామా? వంటగది కావాలి. మధ్యాహ్నం నాన్న నడుం వాల్చడానికి పార్కుకి దగ్గరలో ఉండాలి. అలాంటి విల్లా డిస్నీవారి దగ్గర నేరుగా తీసుకుంటే రాత్రికి ఎంతో విని బావకి నోట మాట రాలేదు.

అప్పుడు ఆయన ఆఫీసులో ఎవరో అన్నారట: “పాయింట్లు అద్దెకి తీసుకోరాదూ?” అని.

పాయింట్లంటే ఏమిటి?

లెక్కలు చూసే పని నామీద పడింది. ఊళ్ళో కూచుని వాట్సాప్‌లో నేను వివరిస్తుంటే ముందుగా అర్థమైంది ఎవరికనుకున్నారు? నాన్నకే! ఆయన గుంటూరులో సినిమా హాల్లో ముప్ఫై ఏళ్ళు బుకింగ్ చూశారు మరి.

విషయం ఇది. 1991లో డిస్నీవారు ఒక క్లబ్బు పెట్టారు. డిస్నీ వెకేషన్ క్లబ్. ఏటా కొన్నాళ్ళు విడిది చేసే హక్కుని జనానికి అమ్మే పద్ధతి ఇది. టైమ్‌షేర్ అంటారు. సభ్యుడు పెద్దమొత్తం కట్టి వాటా కొంటాడు. ఆ వాటాకి ఏటా ఇన్ని పాయింట్లని వస్తాయి. గది, సీజను, రోజుని బట్టి రాత్రికి ఇన్ని పాయింట్లు ఖర్చు. క్రిస్మస్‌కి ఎక్కువ, పిల్లల బడులు తెరిచిన సెప్టెంబరులో తక్కువ. ఈ ఏటి పాయింట్లు పైయేటికి దాచుకోవచ్చు, పైయేటివి ముందే వాడేసుకోవచ్చు. సొంత రిసార్టులో పదకొండు నెలల ముందు, మిగతావాటిలో ఏడు నెలల ముందు గది పట్టుకోవచ్చు. వెళ్ళినా వెళ్ళకపోయినా ఏటేటా నిర్వహణ ఖర్చు కట్టాల్సిందే. హక్కు శాశ్వతమా అంటే కాదు. మొట్టమొదటి రిసార్టు ఓల్డ్ కీ వెస్ట్ ఒప్పందాల్లో చాలావాటికి గడువు 2042తో సరి.

“ఓస్, ఏరియా హక్కులన్నమాట!” అన్నారు నాన్న. “డిస్ట్రిబ్యూటరు ఇన్నేళ్ళకని రైట్స్ కొన్నాడు. ఈ ఏడు తాను ఆడించుకోలేడు. ప్రింటు డబ్బాలో మురిగిపోకుండా ఇంకో హాలువాడికి అద్దెకిచ్చాడు. అంతేగా?”

అంతే! ఆ ఏడు సెలవు దొరకని సభ్యుడు తన పాయింట్లతో మన పేరుమీద గది రాయించి, పాయింటుకింతని డాలర్లు పుచ్చుకుంటాడు. దీన్నే వ్యాపారంగా నడపకూడదని క్లబ్బు నిబంధన. అప్పుడప్పుడు ఇచ్చుకోవడానికి మాత్రం అడ్డులేదు. కాబట్టి ఇది బ్లాకు టిక్కెట్టు కాదు సుమండీ!

లెక్క చూద్దాం. అద్దె పాయింటుకి ఇరవై డాలర్ల చుట్టుపక్కల. ఓల్డ్ కీ వెస్ట్‌లో ఒక బెడ్‌రూమ్ విల్లాకి అయిదు రాత్రులకి నూట ఇరవై పాయింట్లనుకుందాం. 2,400 డాలర్లు. చిన్న మొత్తం కాదు. కానీ అందులో పెద్ద వంటగది, బట్టలుతికే యంత్రం, అమ్మానాన్నలకి తలుపున్న పడకగది, హాల్లో పరుపుగా మారే సోఫా, కుర్చీ. అయిదుగురికి చోటు. ఊయలమంచంలో పడుకునే మూడేళ్ళలోపు బిడ్డని లెక్కలో వేయరు. అంటే మావాళ్ళు ఆరుగురూ సరిగ్గా సరిపోయారు! ఇక్కడా చిన్నవాడి వయసే కలిసొచ్చింది.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఇద్దరే వెళ్తున్నారు, తల దాచుకోవడానికి ఇంత చోటు చాలు అనుకుంటే ఈ పాయింట్ల గొడవే వద్దు. డిస్నీవారి చవక హోటళ్ళూ, ఊరి బయటి గదులూ ఇంతకంటే తక్కువకే వస్తాయి. పాయింట్లలో ఆదా కనిపించేది ఖరీదైన విల్లాల్లో, కుటుంబమంతా కలిసి వెళ్ళినప్పుడే. పార్కు టిక్కెట్లు వేరు. సభ్యుడికిచ్చే తగ్గింపులు మనకి రావు. ఇల్లు శుభ్రం చేయడానికి రోజూ మనిషి రాడు. ఎయిర్‌పోర్టు నుంచి ఉచిత బస్సు ఉండేది, 2022 నుంచి అదీ లేదు. పార్కులకి ఉచిత బస్సులు, అందరికంటే అరగంట ముందు లోపలికెళ్ళే వీలు మాత్రం అద్దెవాళ్ళకీ ఉన్నాయి.

విలన్ ప్రవేశం

ఎక్కడ డబ్బుంటే అక్కడ విలన్ ఉంటాడుగా! బావకి ఓ గ్రూపులో ఒక పెద్దమనిషి తగిలాడు. పాయింటు పదమూడు డాలర్లేనట. “ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఈ రాత్రికే మొత్తం పంపేయండి, కార్డు వద్దు, ఫోన్లోంచి పంపండి” అన్నాడు. బావ ఉబ్బితబ్బిబ్బై ఫోను తీశాడు. పక్కనే ఉన్న అక్క, “ఏమండీ, ఆగండి” అని రెండే ప్రశ్నలు రాయించింది. మీ వాటా ఏ రిసార్టులో ఉంది? అది ఏ పేరుమీద రిజిస్టరైంది? అంతే, ఆ మనిషి మళ్ళీ పలికితే ఒట్టు!

ఆ రెండు ప్రశ్నల బలం తెలుసా? ఈ క్లబ్బు వాటా మన పొలం దస్తావేజులాంటిది. ఓర్లాండో దగ్గరి రిసార్టులదైతే ఆరెంజ్ కౌంటీ రికార్డుల్లో రిజిస్టరవుతుంది. ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. అమ్మేవాడి పేరు అక్కడ లేకపోతే కథ అక్కడితో సరి. రెండోది, గది రాశాక నెంబరొస్తుంది. ఆ నెంబరుని డిస్నీవారి యాప్‌లో మన ఖాతాకి జతచేస్తే తేదీలూ, పేర్లూ మనకే కనిపిస్తాయి. కనిపించాకే మిగతా డబ్బు. మూడోది, రాతకోతలు లేకుండా పైసా ఇవ్వద్దు. నాలుగోది, డబ్బు కార్డుమీదే కట్టండి, రేపు తగువొస్తే బ్యాంకువాడైనా పలుకుతాడు.

మావాళ్ళు చివరికి మధ్యవర్తి సంస్థ ద్వారా వెళ్ళారు. పాయింటుకి రెండు మూడు డాలర్లు ఎక్కువే. అయితే ఆ సంస్థ ఓనరుకి మొత్తం ఒకేసారి ఇవ్వదు. కొంత ముందు, మిగతాది అతిథులు గదిలో దిగాక. మధ్యలో ఓనరు నిర్వహణ ఖర్చు ఎగ్గొట్టి ఖాతాకి తాళం పడితే, అడగడానికి ఒక మనిషంటూ ఉంటాడు.

అసలు భయం

ఇవన్నీ అయ్యాక నాన్న అడిగిన ప్రశ్నకి ఎవరిదగ్గరా వెంటనే జవాబు లేదు. “ఒరేయ్, ఇది ఫిక్స్‌డ్ హైరు. బొమ్మ ఆడినా ఆడకపోయినా డబ్బు కట్టాల్సిందే. మధ్యలో నా గుండె మొరాయిస్తే?”

ఆయన మాట అక్షరాలా నిజం. అద్దె పాయింట్లకి సాధారణంగా డబ్బు వాపసు లేదు. గది ఓనరు ఖాతాలో ఉంటుంది గనుక తేదీ మార్చాలన్నా, పేరు కలపాలన్నా ఆయనే చెయ్యాలి. మనం డిస్నీవారికి ఫోన్ చేస్తే వాళ్ళు వినరు. ఓనరు మొండితనం కాదిది. ప్రయాణం నెల్లోపు ఉండగా రద్దుచేస్తే ఆయన పాయింట్లు విడిగా పడతాయి. ఆపైన అరవై రోజుల్లోపు ఖాళీ ఉన్న గదులకే పనికొస్తాయి. అంటే దాదాపు మురిగినట్టే. అందుకే చివరి నిమిషంలో కొందరు ఓనర్లు రాసిపెట్టిన గదినే చవగ్గా వదిలించుకుంటారు. తేదీల పట్టింపు లేనివాళ్ళకి అది వరం.

అక్క ప్రయాణపు ఇన్సూరెన్సు తీసుకుంది. పాత జబ్బుల వల్ల రద్దయినా డబ్బు రావాలంటే మొదటి వాయిదా కట్టిన రెండు మూడు వారాల్లోపే పాలసీ తీసుకోవాలన్న షరతు చాలావాటిలో ఉంటుంది. ఆమె ఆ వారంలోనే తీసుకుంది. సెప్టెంబరంటే అక్కడ తుఫానుల కాలం కూడా. అదేడాది అక్టోబరు 10న మిల్టన్ తుఫాను దెబ్బకి డిస్నీ పార్కులన్నీ మూసేశారు. మావాళ్ళు వెళ్ళొచ్చి నెలైనా కాలేదు! తుఫానొస్తే ఓనరుకి పాయింట్లు తిరిగి రావచ్చు. మన డబ్బు సంగతి మాత్రం ఒప్పందంలో ఏం రాసుకున్నామన్నదే తేలుస్తుంది. అందుకే ఆ కాగితం చదవండి, పాటల పుస్తకం చదివినంత శ్రద్ధగా!

ఇంకొక్క చిక్కు. ఓల్డ్ కీ వెస్ట్ చాలా పాతది. మూడంటే మూడు భవనాలకే లిఫ్టులున్నాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళుంటే గ్రౌండ్ ఫ్లోరో, లిఫ్టున్న భవనమో కావాలని ఓనరు చేత ముందే రాయించాలి. అది మనవి మాత్రమే, హామీ కాదు. మావాళ్ళకి గ్రౌండ్ ఫ్లోరే దొరికింది.

మరి ఎలా జరిగిందంటారా? పొద్దున్నే పార్కు, మధ్యాహ్నం బస్సెక్కి గదికి, అమ్మ చేసిన చారూ అన్నం, ఓ కునుకు, సాయంత్రం మళ్ళీ పార్కు. నాన్న చక్రాల కుర్చీలో, ఒళ్ళో చిన్నవాడు. కోట ముందు ఆగి ఆయన అన్నమాట అక్క ఫోన్లో రికార్డు చేసి పంపింది: “పై కిటికీలు చిన్నవి కట్టారే పిల్లా, మన బార్ట్లే దొర పనే ఇది.”

2,400 డాలర్లు దండగా, పండగా అంటే ఎవరి లెక్క వారిది. నా లెక్కలో మాత్రం ఆ వీడియో ధర ఏ పాయింట్ల పట్టికలోనూ లేదు.

వచ్చేవారం మరో కబురుతో కలుద్దాం. అంతదాకా తొందరపెట్టేవాడికి డబ్బు పంపకండి!