ఉన్నది ఐదు లీటర్లే... అందరికీ అందాలి!

భోజనం కాగానే కునుకు పడుతోందంటే 'రక్తమంతా పొట్టకు పోయింది, మెదడుకు తగ్గింది' అంటుంటారు. ఇందులో సగమే నిజం. తిన్నాక పేగులకు రక్తం ఎక్కువగా వెళ్తుంది. మెదడు వాటాను మాత్రం శరీరం అంత తేలిగ్గా తగ్గనివ్వదు.

పెద్దవాళ్ల శరీరంలో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు. రక్తనాళాలన్నీ ఒకేసారి పూర్తిగా తెరుచుకుంటే అది ఏ మూలకూ చాలదు. అందుకే కాలువ నీటిని వంతులవారీగా పొలాలకు వదిలినట్టు, శరీరం కూడా అవసరాన్ని బట్టి రక్తాన్ని పంచుతుంది. ఇక్కడ తూములు అవయవాల్లోకి వెళ్లే సన్నని ధమనులే. వీటి గోడల్లోని కండరం బిగుసుకుంటే దారి ఇరుకవుతుంది, వదులైతే వెడల్పవుతుంది. అదే ఒత్తిడిలో నాళం వెడల్పు రెట్టింపైతే ప్రవాహం 16 రెట్లు పెరుగుతుంది. కాబట్టి కొద్దిగా సడలినా చాలు!

ఎవరి తీరు వారిది

మెదడు: శరీర బరువులో దీని వాటా 2 శాతమే. రక్తంలో వాటా 15 శాతం దాకా ఉంటుంది. రక్తపోటు కాస్త తగ్గినా, పెరిగినా మెదడు తన నాళాలను తానే సర్దుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇవి విప్పారతాయి.

గుండె: విశ్రాంతిలో ఉన్నా తనకందే రక్తంలోని ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం వాడేసుకుంటుంది. పని పెరిగితే మరింత రక్తం రావలసిందే. పూడికతో నాళం ఇరుకైనవారికి మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేయడం అందుకే.

కండరాలు: ఊరికే కూర్చుంటే వీటికి అందేది అయిదో వంతు. జోరుగా పరుగెడితే గుండె పంపే రక్తంలో 80 శాతం దాకా వీటికే!

ఊపిరితిత్తులు: వీటిది తిరకాసు పద్ధతి. ఆక్సిజన్ తగ్గితే మిగతా అవయవాల్లో నాళాలు విప్పారతాయి, ఇక్కడ ముడుచుకుంటాయి. గాలి ఆడని చోటికి రక్తం పోయి ప్రయోజనం లేదు కదా!

మూత్రపిండాలు: రెండూ కలిపి 300 గ్రాములుంటాయి. అయినా నిమిషానికి లీటరు పైగా రక్తం వీటిగుండా వెళ్తుంది. తమ అవసరం కోసం కాదు, వడగట్టడానికి.

లేవగానే కళ్లు తిరిగితే...

పడుకుని లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లు, పొట్ట వైపు జారుతుంది. వెంటనే నరాలు అక్కడి నాళాలను బిగించి, గుండె వేగాన్ని పెంచుతాయి. వయసు మీద పడినవారిలో, చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో, బీపీ మాత్రలు వేసుకునేవారిలో ఈ సర్దుబాటు ఆలస్యం కావొచ్చు. రక్తపోటు మరీ పడిపోతే మెదడు కూడా తట్టుకోలేదు. కళ్లు బైర్లు కమ్మి పడిపోతారు. ఇలా పడినప్పుడు తుంటి ఎముక విరగొచ్చు. కొందరు వృద్ధులకు భోజనం చేసిన గంటా రెండు గంటల్లోపూ ఇలా అవుతుంది.

ఎండాకాలం జాగ్రత్త

ఎండకు ఒంటి వేడి తగ్గించడానికి చర్మానికి రక్తం ఎక్కువగా వెళ్తుంది. చెమటతో నీరూ పోతుంది. అప్పుడు మూత్రపిండాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలతో తమ నాళాలను తెరిచి ఉంచుకుంటాయి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వీటినే అడ్డుకుంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మోకాళ్ల నొప్పులకని వీటిని సొంతంగా వాడితే మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి ముప్పు మరింత ఎక్కువ.

ఇవి పాటిస్తే మేలు

* మంచం దిగే ముందు అంచున ఒకట్రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి లేవాలి.
* కడుపునిండా ఒకేసారి తినకుండా, పెద్దవాళ్లు కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినాలి. తిన్నాక కాసేపు కూర్చోవాలి.
* వాంతులు, విరేచనాలు, వడదెబ్బ ఉన్నప్పుడు నొప్పి మాత్రల జోలికి వెళ్లొద్దు. డాక్టరును అడగాలి.
* కళ్లు తిరుగుతున్నాయని బీపీ మందు సొంతంగా మానెయ్యొద్దు. కూర్చున్నప్పుడు, నిలబడ్డాక విడివిడిగా బీపీ చూపించుకోవాలి.