ఎడంగా వనభోజనం

2020 కార్తీకంలో మా కాలేజీవాళ్లం వనభోజనాలు పెట్టాలా మానాలా అని మహా చర్చ చేశాం. పాపికొండల లాంచీ మాట ఎవరూ ఎత్తలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. చివరికి కడియం పక్క ఒక మామిడితోట ఖాయమైంది.

బస్సు వద్దు, ఎవరి బండి వారిదే. గాలిలో పాకే జబ్బుకి ఆరుబయలు మేలే గాని, తినేటప్పుడు మాస్కు తీయక తప్పదు కదా! అందుకని ఇంటికో చెట్టు నీడ. తోటలో ఉసిరిచెట్టు ఒక్కటే, పూజకి వంతులు. పేకాట రద్దు. (లెక్కల మేష్టారు అలిగారు.)

ఇన్ని కుదిరినా ఒక చిక్కు. ఏటా పులిహోర కలిపే మా అటెండరుగారికి ఆ వారం దగ్గు. రావద్దని చెప్పే పని నామీద పెట్టారు. తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి, మాటల కరువుండదని కాబోలు! ఫోనులో ఎంత తిప్పినా అసలు మాట పెగల్లేదు. ఆయనే అందుకున్నారు:

"నేన్రాన్లెండి మేష్టారూ. ఇంగువ మాత్రం చివర్న వెయ్యమనండి, మాడిపోద్ది."

సాయంత్రం పొట్లం ఆయన అరుగు మీద పెట్టి, దూరంగా నిలబడి పిలిచాను. రుచి చూసి, ఉప్పూ పులుపూ ఏమీ లేవన్నారు. మాకందరికీ సమంగానే ఉంది. మర్నాడే పరీక్షకి పంపాం.

మూడు వారాలకి తేరుకుని కాలేజీకి వచ్చారు. ఆ పులిహోర ఎవరు కలిపారని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.