మాటామంతీ: నోటుబుక్కులోంచి నోటికి

మన వైపునుంచి ఉద్యోగాలమీద కొత్తగా మలేషియా వచ్చినవారు నన్ను తరచు అడుగుతుంటారు: "మలాయ్ భాష ఎన్నాళ్లలో వస్తుందండీ?" జవాబు చెప్పేముందు నా సంగతి చెప్పుకోవాలి.

వచ్చిన మొదటి ఏడాది ప్రతి ఆదివారమూ పట్టుబట్టి మూడు గంటలు కూర్చుని మాటలు రాసుకునేవాణ్ణి. రెండు నోటుబుక్కులు నిండాయి. అప్పట్లో మేము పహాంగ్‌లో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. ఒక రాత్రి మా అబ్బాయికి జ్వరం ఎక్కువైంది. క్లినిక్కులో నర్సు "సుదా బెరాపా హారి?" అంది. ఎన్ని రోజులైందని. ఆ మూడు మాటలూ నా పుస్తకం మొదటి పేజీలో ఉన్నవే. కాని నోరు పెగలలేదు. తోడు వచ్చిన పక్కింటి మలాయ్ పెద్దావిడ "తీగా హారి" అని చెప్పింది. బిడ్డకు మూడు రోజులనుంచి జ్వరమని చెప్పడానికి కన్నతండ్రికి మాట లేకపోయింది. ఆ చిన్నతనం ఇప్పటికీ మరిచిపోలేదు.

తప్పు తెలివితేటలది కాదు, అలవాటుది. మర్నాటినుంచి పద్ధతి మార్చాను.

ఆదివారం మూడు గంటలు మానేసి, రోజూ కాఫీ వేళ పదిహేను నిమిషాలు పెట్టుకున్నాను. వారానికి గంటా నలభై అయిదు నిమిషాలే. అయినా ఇదే నిలిచింది. జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తనమీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించిన సంగతీ ఇదే: నేర్చినదాన్ని మొదట్లోనే త్వరత్వరగా మరిచిపోతాం. ఒకేసారి వల్లె వేయడంకన్నా రోజులమీద పంచుకుని చదివితే తక్కువ శ్రమతో నిలుస్తుంది. అందుకని ఈరోజు మాటను రేపు, మూడోనాడు, మళ్లీ వారానికి చూడండి. అర్థాన్ని చేత్తో మూసి, ముందు గుర్తు తెచ్చుకున్నాకే చెయ్యి తియ్యండి.

విడి మాట రాసుకోకండి. "హారి అంటే రోజు" అని కాక "తీగా హారి" అని నేర్చుకోండి. పైకి అనండి. రోజుకు ఒక్కరితోనైనా ఒక్క వాక్యం మాట్లాడండి. నాకు ఆ గురువు పక్కింటి మక్‌చిక్కే. తప్పు మాట్లాడితే ఆవిడ నవ్వేది, దిద్దేది. ఆ నవ్వుకు సిగ్గుపడి ఉంటే నాకు భాష వచ్చేది కాదు.

తెలుగువారికి కొన్ని సదుపాయాలూ ఉన్నాయి. ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టే మనం, మేము అనే తేడా మలాయ్‌లో మనకులాగే ఉంది: కితా అంటే మనం, కామి అంటే మేము. నామా అంటే పేరు, సుఆరా అంటే గొంతు, కెపాలా అంటే తల. అన్నీ సంస్కృతంనుంచి వెళ్లినవే. అయితే చుట్టరికం చూసి మోసపోకండి. ఇస్తెరి అంటే ఏ స్త్రీ అయినా కాదు, భార్య!

ఇక ఎన్నాళ్లకు వస్తుందంటారా? ఆ లెక్క నేను చెప్పలేను. ఈవేళ ఎవరితో ఏ వాక్యం మాట్లాడారో మీరు చెప్పండి. ఆ వాక్యాన్ని ఒక కార్డుముక్కమీద రాసి పంపితే వచ్చే నెల ఇక్కడే ముచ్చటించుకుందాం.